అంచున వదిలేసిన గుడ్డ: ఐదుగురు చిత్రకారుల గ్రూప్ షో, ఒక కేస్ స్టడీ

సమకాలీన చిత్రకారులతో గ్రూప్ షో పెట్టడం అంత కష్టమేం కాదు. ఐదుగురిని ఎంచుకుని, గోడలు పంచి, ముందు గదిలో షో గురించి చెప్పే ఒక వాల్ టెక్స్ట్ అతికిస్తే షో అయిపోయినట్టే. అదే "వీళ్లు ఒకరి మీద ఒకరు చూపిన ప్రభావం కనిపించాలి" అని మ్యూజియం అడిగిందంటే పని స్వరూపమే మారిపోతుంది. అప్పుడు గోడమీద ఒక వాదన పెట్టాలి, దానికి సాక్ష్యం చూపాలి. పైగా ఆ వాదన ఎవరి గురించో వాళ్లంతా మన మధ్యే ఉన్నారు. ఓపెనింగ్‌కి వస్తారు, లేబుళ్లు చదువుతారు, నచ్చకపోతే అక్కడే నిలదీస్తారు.

నేను క్యూరేటర్‌గా, అంటే చిత్రాలు ఎంచి అమర్చే మనిషిగా, చేసిన అలాంటి ఒక షో గురించి ఇక్కడ రాస్తున్నాను. చిత్రకారులు ఐదుగురు. ఒక పాత గిడ్డంగిని స్టూడియోలుగా మార్చుకుని చాలా ఏళ్లు ఒకే కప్పు కింద పని చేశారు. పేర్లు రాయనని వాళ్లకు మాటిచ్చాను, అందుకే గుర్తులతోనే చెబుతాను. పెద్దాయన లినెన్ అనే నార గుడ్డ మీద ఆయిల్ రంగులు వేస్తారు, వేసిందంతా గీకేసి మళ్లీ వేస్తారు. ఇంకొకావిడ పాత ఫొటోలు చూసి బూడిదరంగులో మనుషుల్ని వేస్తుంది. ఆవిడను ఫొటోల ఆవిడ అంటాను. మూడో ఆవిడ కాన్వాస్‌ను నేలమీద పరిచి నీటితో కలిపే అక్రిలిక్ రంగు పోస్తుంది. నాలుగో ఆయన చెక్క పలకల మీద ఎగ్ టెంపెరా, అంటే గుడ్డు సొనతో కలిపిన రంగు, వేస్తాడు, సన్నటి గీతల మీద గీతలు. చివరగా, పెద్దాయన దగ్గర అసిస్టెంట్‌గా చేరి తర్వాత సొంత స్టూడియో తీసుకున్న అమ్మాయి. ఇప్పుడామె దగ్గరే ఇద్దరు అసిస్టెంట్లు ఉన్నారు. అయినా మిగతా నలుగురికీ ఆమె ఇంకా అమ్మాయే.

మ్యూజియం నా చేతికిచ్చిన మొదటి ప్లాన్ జంటల పద్ధతి. పోలిక ఉన్న చిత్రాలను రెండేసి చొప్పున పక్కపక్కన వేలాడదీయాలి, ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో చెప్పే బాణాలు నేలమీద అతికించాలి. చూడ్డానికి బాగుంటుంది, పిల్లలకు కూడా సులువుగా అర్థమవుతుంది అన్నారు. నాకది మొదటినుంచీ మింగుడుపడలేదు. రెండు చిత్రాలను పక్కపక్కన పెడితే కన్ను తనంతట తానే పోలిక వెతుక్కుంటుంది. ఒకరి మొహం ఒకరు చూడని ఇద్దరి పనిని తెచ్చి పెట్టినా అదే జరుగుతుంది. ఇక్కడ కాస్త ఎరుపు, అక్కడ కాస్త ఎరుపు ఉంటే చాలు. ఆ పోలికను పుట్టించింది మేకులు కొట్టిన మనం. చిత్రకారుల మధ్య నిజంగా ఏం జరిగిందో అది చెప్పదు.

బాణాలకు మ్యూజియాల్లో పెద్ద చరిత్రే ఉంది. 1936లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ వస్తువులను ముక్కలు చేసి చూపే క్యూబిజం మీద, గుర్తుపట్టే బొమ్మలు లేని నైరూప్య కళ మీద పెద్ద ప్రదర్శన పెట్టినప్పుడు, డైరెక్టర్ ఆల్ఫ్రెడ్ బార్ కేటలాగ్ అట్ట కోసం ఒక చార్ట్ గీశాడు. పైన 1890, కింద 1935, మధ్యలో ఉద్యమాల పేర్లు, వాటిని కలుపుతూ బాణాలు. ఒక్క చూపులో అంతా అర్థమైపోయినట్టు ఉంటుంది కాబట్టే అది అంత పేరు తెచ్చుకుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. బాణం ఎప్పుడూ ముందు వచ్చినవాడి దగ్గర బయల్దేరి తర్వాత వచ్చినవాడి దగ్గర ఆగుతుంది. ఇచ్చినవాడు ఘనుడు, పుచ్చుకున్నవాడు ఖాళీ పాత్ర. కళాచరిత్రకారుడు మైకేల్ బాక్సండాల్ 1985లో దీన్ని తలకిందులు చేశాడు. పని చేసేది తర్వాత వచ్చినవాడే అన్నాడు. ముందుతరం చిత్రకారుడు సెజాన్ పికాసోను ఏమీ చేయలేదు, చేయడానికి 1906 తర్వాత ఆయన లేనే లేడు. పికాసోయే సెజాన్ పనిలోంచి తనకు కావలసింది తీసుకున్నాడు, తనకు తగ్గట్టు వంచుకున్నాడు, మిగతాది వదిలేశాడు. ఆ దెబ్బతో మనం చూసే సెజాన్ కూడా మారిపోయాడు.

పోయినవాళ్ల విషయంలో ఇది పండితుల చర్చ. బతికున్నవాళ్ల విషయంలో బాణం అంటే నేరారోపణే. ప్లాన్ కాగితం చూపించగానే ఫొటోల ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "అంటే నేను ఎవరి దగ్గర కాపీ కొట్టానో నేలమీద గీసి మరీ చూపిస్తారా?" ఆవిడ మాటలో కోపంతో పాటు లెక్క కూడా ఉంది. చిత్రకారుడి పేరు మార్కెట్‌లో నిలబడేది "ఇది ఇతనిదే, ఇంకెవరిదీ కాదు" అన్న నమ్మకం మీద. మ్యూజియం గోడ మీద వచ్చిన లేబుల్ వేలం కేటలాగ్‌లోకి ఎక్కుతుంది, అక్కణ్నుంచి ఇక చెరగదు. ఐదుగురిలో ముగ్గురి తరఫు గ్యాలరీలు లోన్ అగ్రిమెంట్, అంటే చిత్రాలను షోకి అరువిచ్చే ఒప్పందం, మీద సంతకం పెట్టే ముందు లేబుళ్ల డ్రాఫ్ట్ చూపించమని అడిగాయి. చూపించాం, కానీ మార్చే హక్కు వాళ్లకు ఇవ్వలేదు. తప్పు తేదీ ఉంటే దిద్దుతాం, అభిప్రాయం మాత్రం మాదే అని రాసుకున్నాం. ఇలాంటి షో చేయబోయే వాళ్లు ఈ ఒక్క వాక్యాన్ని మొదటి రోజే అగ్రిమెంట్‌లో పెట్టుకోవాలి. క్రేట్లు వచ్చి దిగాక బేరమాడే స్థితి మన చేతిలో ఉండదు.

బాణాలు పోయాయి. వాటి బదులు ఏం పెట్టాలి?

ప్రతి పోలిక దగ్గరా నేను మూడు ప్రశ్నలు వేసుకున్నాను. రెండో మనిషి మొదటి మనిషి చిత్రాన్ని నిజంగా చూశాడా, ఎప్పుడు చూశాడు, చూశాక అతని పనిలో ఏం మారింది. ఈ మూడూ దొరికిన కేసులు కళాచరిత్రలో చాలా తక్కువ. దొరికినప్పుడు ఎంత హాయిగా ఉంటుందో చెప్పడానికి ఒకటి. 1952లో అమెరికన్ చిత్రకారిణి హెలెన్ ఫ్రాంకెన్‌థాలర్ బాగా పలచన చేసిన ఆయిల్ రంగును, ప్రైమర్ (రంగుకు ముందు గుడ్డకు పూసే పూత) వేయని కాన్వాస్‌లోకి ఇంకిపోయేలా పోసి 'మౌంటెన్స్ అండ్ సీ' వేసింది. 1953లో చిత్రకారులు మోరిస్ లూయిస్, కెనెత్ నోలండ్ ఆమె స్టూడియోకి వెళ్లి దాన్ని చూశారు. చూసింది ఖాయం, ఎప్పుడన్నది ఖాయం, తర్వాత ఇద్దరి పనీ మారిందన్నదీ ఖాయం. అయితే లూయిస్ మాగ్నా అనే అక్రిలిక్ రెజిన్ రంగుతో పారదర్శకమైన పొరల వైపు వెళ్లాడు. నోలండ్ వలయాల వైపు వెళ్లాడు. ఆమె చిత్రంలో లీలగా మిగిలిన కొండలూ నీళ్లూ ఇద్దరికీ అక్కర్లేకపోయాయి. ఏం తీసుకున్నారో దానితోపాటు ఏం వదిలేశారో కూడా చెప్పగలిగితేనే అది లేబుల్ మీదికి ఎక్కాలి.

ఇంటర్వ్యూలు ఒక్కొక్కరితో విడివిడిగా చేశాను. అందరినీ కూర్చోబెడితే పాత స్నేహితులు కథను కలిసి నున్నగా చేసేస్తారు. "మీ మీద ఎవరి ప్రభావం ఉంది?" అని ఎవరినీ అడగలేదు. ఆ ప్రశ్నకు ఎవరైనా మ్యూజియాల్లో ఉన్న పెద్దల పేర్లే చెబుతారు, పక్క గదిలో ఉన్నవాళ్ల పేర్లు చెప్పరు. పక్క స్టూడియోలో ఏ చిత్రాన్ని మళ్లీ మళ్లీ వెళ్లి చూశారు, ఏది చూసి ఒళ్లు మండింది, ఎవరి దగ్గర ఏ పనిముట్టు తీసుకుని తిరిగి ఇవ్వలేదు అని అడిగాను. మూడో ప్రశ్నకు అందరూ నవ్వారు. దొరికిన జవాబుల్లో అసలు సరుకు అక్కడే ఉంది.

అక్రిలిక్ ఆవిడ దగ్గర పెద్దాయన గీకుడు రబ్బరు ఉంది. అద్దాలు తుడవడానికి వాడే లాంటిది, చెక్క పిడి విరిగితే టేపు చుట్టారు. పెద్దాయన దానితో తడి రంగును కాన్వాస్ మీది నుంచి లాగి పారేసేవారు. ఆవిడ దాన్ని తీసుకెళ్లి పోసిన రంగును ముందుకు తోయడానికి వాడింది. ఒకరి చేతిలో తీసేసే పనిముట్టు, ఇంకొకరి చేతిలో పరిచే పనిముట్టు. ఇది వినగానే నాకు బ్రాక్ దువ్వెన గుర్తొచ్చింది. ఫ్రెంచ్ చిత్రకారుడు జార్జ్ బ్రాక్ ఇళ్లకు రంగులు వేసే అలంకరణ పనిలో శిక్షణ పొందినవాడు. గోడమీద నకిలీ చెక్క ధారలు తీయడానికి ఆ పనివాళ్లు వాడే దువ్వెనను చిత్రాల్లోకి తెచ్చాడు. 1912లో పికాసో అదే దువ్వెన పట్టుకుని మనిషి జుట్టూ మీసాలూ దువ్వాడు. ఆ శరదృతువులోనే బ్రాక్ కాగితం ముక్కలు అతికించడం మొదలుపెడితే, నీ కొత్త కాగితాల పద్ధతి నేనూ వాడుతున్నానని పికాసో అక్టోబర్‌లో అతనికి ఉత్తరం రాశాడు. చిత్రకారులు తమలో తాము ఇలాంటివి దాచుకోరు. దాపరికమంతా జనం ముందే.

మా షోలో రబ్బరును గాజు పెట్టెలో పెట్టమని మ్యూజియం అడిగింది. నేను వద్దన్నాను. పనిముట్టును పెట్టెలో పెడితే జనం దాన్నే చూస్తారు, చిత్రాన్ని చూడరు. దాని గుర్తులు ఉన్న రెండు చిత్రాలనూ ఏటవాలు కాంతిలో పెట్టాం, చాలింది.

ఇక బూడిదరంగు సంగతి. దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పోలిక ఎంత మోసం చేయగలదో ఇందులో తెలుస్తుంది.

పెద్దాయన, ఫొటోల ఆవిడ, అక్రిలిక్ ఆవిడ ముగ్గురి పనిలోనూ ఒక కాలంలో ఒకే బూడిదరంగు కనిపిస్తుంది. కాస్త ఆకుపచ్చ తగిలిన, వర్షం ముందు ఆకాశం లాంటి రంగు. విమర్శకులు దీన్ని "ఆ స్టూడియోల రంగు" అని రాసేశారు, పెద్దాయన దగ్గర్నుంచి మిగతా ఇద్దరికీ పాకిందని తేల్చేశారు. చిత్రాలను పరీక్షించి కాపాడే మా కన్జర్వేటర్, వాటి స్థితిని నమోదు చేసే కండిషన్ రిపోర్టులు రాస్తూ లెన్సులోంచి చూస్తే, పెద్దాయన, ఫొటోల ఆవిడ చిత్రాల్లోని బూడిదలో నలకలు కనిపించాయి. ఎండిపోయిన రంగు పెచ్చుల చిన్న చిన్న ముక్కలు. ఒకటి ఎరుపు, ఒకటి పసుపు, ఒకటి ముదురు నీలం. చిత్రంలో ఎక్కడా లేని రంగులు. అవి ఎక్కడివని అడిగితే విషయం బయటపడింది. రోజు చివర పాలెట్ మీద మిగిలిన ఆయిల్ రంగునంతా గీకి వరండాలో ఒక రేకు డబ్బాలో వేసేవాళ్లట. అన్నీ కలిస్తే వచ్చేది బూడిదే. రంగు కొనడానికి చేతిలో డబ్బులు లేని రోజుల్లో ఇద్దరూ ఆ డబ్బాలోంచే తీసుకునేవాళ్లు. అంటే ఒకరి రంగు ఒకరికి పాకలేదు. ఇద్దరిదీ ఒకే డబ్బా, అంతే.

ఇలాంటి ఉమ్మడి మూలాలు చరిత్రలో చాలా ఉన్నాయి. 1981లో బొంబాయి, ఢిల్లీల్లో జరిగిన 'ప్లేస్ ఫర్ పీపుల్' ప్రదర్శనలో చిత్రకారులు భూపేన్ ఖఖర్, గులాం మొహమ్మద్ షేక్ ఇద్దరూ ఉన్నారు. ఇద్దరూ బరోడాలో పని చేసినవాళ్లే. ఒకే చిత్రంలో అనేక కథలు నడిపే పద్ధతి ఇద్దరిలోనూ కనిపిస్తుంది. ఇద్దరూ మన సూక్ష్మ చిత్రాలనూ చూశారు, ఇటలీ సియెనా చిత్రకారులనూ చూశారు, ఒకరి పని ఒకరు కూడా చూసుకున్నారు. వాళ్లిద్దరి మధ్య ఒక్క బాణం గీయమంటే ఏ నిజాయితీ గల క్యూరేటరూ గీయలేడు.

అక్రిలిక్ ఆవిడ దగ్గర కథ మలుపు తిరుగుతుంది. ఆయిల్ డబ్బా ఆవిడకు పనికిరాదు. ఆయిల్, నీటితో కలిపే అక్రిలిక్ కలవవు. అయినా ఆవిడ చిత్రంలో అదే బూడిద ఉంది, నలకలు మాత్రం లేవు. అంటే ఆవిడ డబ్బా దగ్గర నిలబడి, రంగును కంటితో పట్టుకుని, వెళ్లి తన అక్రిలిక్‌తో దాన్ని తయారు చేసుకుంది. నలుపు, తెలుపు, పసుపుతో మొదలుపెట్టి, అక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది కాబట్టి దాన్ని కూడా లెక్కలోకి తీసుకుని మరీ. ముగ్గురిలో నిజంగా ప్రభావం అనదగింది ఆవిడ చేసిందొక్కటే. విమర్శకులు చూసిన పోలిక నిజమే, దాని వెనక రెండు వేరు వేరు కారణాలు ఉన్నాయి.

రెండో గదిని దీనికే ఇచ్చాను. జంటల ప్లాన్ ప్రకారం మూడింటినీ ఒకే గోడమీద పెడితే ఎవరైనా "ఓహో, ఒకే రంగు" అని వెళ్లిపోతారు. అందుకే రెండు ఆయిల్ చిత్రాలను ఒక గోడమీద, అక్రిలిక్‌ను తలుపు అవతల, వాటికి కనపడని గోడమీద పెట్టాం. చూసేవాళ్లు బూడిదను కంట్లో పెట్టుకుని తలుపు దాటాలి, గుర్తు పట్టాలి, అనుమానంతో వెనక్కి రావాలి. ఆవిడ వరండాలో చేసింది కూడా అదే పని. లైటింగ్ దగ్గర చిన్న చిక్కు వచ్చింది. ఆయిల్ మెరుస్తుంది, ఆవిడ అక్రిలిక్ మెరవదు. ఒకే కాంతిలో ఒకటి లేతగా, ఇంకొకటి చచ్చిపోయినట్టు కనిపించాయి. వెలుతురును 150 నుంచి 200 లక్స్ (కాంతి కొలత) మధ్య ఉంచుతూ, రెండు చోట్లా ఒకే రకం బల్బులు వాడి, ఆయిల్ మీద పడే కోణాన్ని మాత్రం మార్చాం. రంగు గురించిన వాదన చేసే గదిలో బల్బులు కలవకపోతే వాదన మొత్తం గంగలో కలిసినట్టే.

మూడో గది షోకి గుండెకాయ. అదే అంచు గది.

పెద్దాయన చిత్రాలు ఎవరైనా గుర్తు పట్టేది అడుగు అంచున వదిలేసే రెండు వేళ్ల వెడల్పు ఉత్త లినెన్‌తోనే. రంగు లేదు, ప్రైమర్ కూడా లేదు, గోధుమరంగు నేత గుడ్డ. దీని గురించి చాలా రాశారు. మౌనం అన్నారు, నేల అన్నారు, వినయం అన్నారు. అమ్మాయి తొలి చిత్రాల్లో కూడా అదే అంచు ఉంటుంది. గురువు దగ్గర నేర్చుకుంది అని ప్రతి కేటలాగ్‌లోనూ ఒక వాక్యం కాపీ అవుతూ వస్తోంది.

దీన్ని తేల్చింది కూడా కండిషన్ రిపోర్టే. కాన్వాస్ వెనక వైపు ఫొటోలు వరసగా పెట్టుకుని చూస్తే, పెద్దాయన పాత చిత్రాలన్నీ స్ట్రెచర్‌కు, అంటే కాన్వాస్ బిగించే చెక్క చట్రానికి, చిన్న మేకులతో కొట్టినవి. రంగు అంచుల దాకా ఉంది. అంచు వదిలేసిన చిత్రాలన్నీ స్టేపుల్స్‌తో బిగించినవి. ఒక్కటంటే ఒక్కటి కూడా తప్పలేదు. పెద్దాయన ఈ రోజుకీ స్టేపుల్ గన్ పట్టుకోరు, ఆ చప్పుడు ఆయనకు గిట్టదు. అంటే అంచు ఉన్న కాన్వాసులు బిగించింది ఇంకెవరో. సామాగ్రిని బట్టి ఎవరు ముందు, ఎవరు వెనక అని తేల్చడం కొత్తేం కాదు. 1888 శరత్కాలంలో ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో చిత్రకారులు గోగాన్, వాన్‌గో కలిసి ఉన్న ఆ రెండు నెలల్లో గోగాన్ 20 మీటర్ల ముతక జనపనార గుడ్డ కొన్నాడు, ఇద్దరూ దానిలోంచే కోసుకుని వేశారు. ఏ చిత్రం ఎప్పటిదో తేల్చడంలో ఆ గుడ్డ పరిశోధకులకు బాగా పనికొచ్చింది. మా దగ్గర గుడ్డ చెప్పలేనిది స్టేపుల్ చెప్పింది.

పెద్దాయన దగ్గరికి వెళ్లి నేరుగానే అడిగాను.

"ఆ అంచు మీ ఆలోచన కాదా సార్?"

"కాదండీ. అమ్మాయి కొత్తగా చేరినప్పుడు గుడ్డకు ముందే ప్రైమర్ వేసి తర్వాత బిగించేది. కింద పట్టుకోవడానికని కొంచెం వదిలేసేది. లాగి బిగిస్తే అది ముందు వైపు వచ్చేసింది. మళ్లీ కట్టమన్నాను. రెండు రోజులు చూశాక వద్దులే అన్నాను."

"మరి ఇన్నేళ్లలో ఎక్కడా చెప్పలేదే?"

"ఎవరడిగారు? అందరూ అర్థాలు చెప్పుకుంటూ పోయారు."

అమ్మాయి మాత్రం ఇంత తేలిగ్గా తీసుకోలేదు. "సార్‌ని చూసి పెట్టావు కదా అని ప్రతి ఇంటర్వ్యూలో అడిగేవాళ్లు. కాదు, నేను కట్టిన కాన్వాస్ అది అంటే గొప్పలు చెప్పుకుంటోంది అనుకునేవాళ్లు. అందుకే అంచు వేయడమే మానేశాను" అంది. ఆమె ఇప్పటి చిత్రాల్లో రంగు అంచు దాటి పక్కల మీదికి కూడా పోతుంది. అంచు ఆమె దగ్గర పుట్టి ఆయనది అయింది, ఆయన పేరు మీద తిరిగొచ్చి ఆమెను తరిమేసింది. ఏ బాణంతో చూపిస్తాం దీన్ని?

గది ఇలా కట్టాం. మామూలుగా చిత్రం మధ్యభాగం నేల నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తున వచ్చేలా వేలాడదీస్తాం, కంటి మట్టం కోసం. ఇక్కడ ఆ లెక్క వదిలేసి చిత్రాలన్నిటి అడుగు అంచును ఒకే గీతకు తెచ్చాం. హ్యాంగింగ్ టీమ్‌లో సీనియర్ ఒకాయన "పైన ఎగుడుదిగుడుగా ఉంటుందండీ, ఎవరో పని తెలియనివాళ్లు కట్టారనుకుంటారు" అని గట్టిగా అడ్డం చెప్పాడు. ఆయన బాధ న్యాయమైనదే. కానీ గది తలుపు దగ్గర నిలబడితే ఉత్త లినెన్ పట్టీ గోడంతా ఒకే గీతలా సాగుతూ, ఒకచోట ఆయన చిత్రం, ఒకచోట ఆమె చిత్రం, ఎవరిదెక్కడ ఆగిందో తెలియకుండా నడుస్తుంది. కళ్లు పైకి వెళ్లవు. ఒక పాత చిత్రాన్నీ ఒక తర్వాతి చిత్రాన్నీ గోడకు కాకుండా గది మధ్యలో స్టాండ్లకు బిగించి, వెనక వైపు పారదర్శకమైన షీట్ పెట్టాం. ఒకదాని వెనక తుప్పు పట్టిన మేకులు, ఇంకొకదాని వెనక స్టేపుల్స్. వెనక వైపు చూపించడానికి పెద్దాయన ఒప్పుకుంటారో లేదోనని టెన్షన్ పడ్డాం. ఆయన అడిగింది ఒక్కటే, వెనక రాసుకున్న పాత అప్పుల లెక్క కనపడకుండా చూడమని. దాని మీద తెల్ల కాగితం కప్పాం.

నాలుగో గది టెంపెరా ఆయనది. ఎవరి ఛాయలూ లేని మనిషిని ప్రభావాల షోలో ఎందుకు పెట్టారని కమిటీలో అడిగారు. నా జవాబు ఆయన చెప్పిన కథే. అక్రిలిక్ ఆవిడ కాన్వాసులు ఆరబెట్టడానికి వరండా మొత్తం ఆక్రమించేది, ఆయన తన గదిలోకి వెళ్లాలంటే వాటిని దాటుకుంటూ పోవాలి. ఆ కోపంలో ఒక రోజు పెద్ద పలకలన్నీ నాలుగు ముక్కలుగా కోయించేశాడు. అప్పటి నుంచి చేతి రుమాలంత పలకల మీదే వేస్తున్నాడు. ఆవిడ రంగు పొయ్యడం ఎంత క్షణంలో అయిపోతుందో, ఆయన గీత అంత నెమ్మది. పక్కవాడు చేసేది నేను చచ్చినా చేయను అనుకోవడం కూడా పక్కవాడి వల్ల జరిగిన మార్పే. ఆ గదికి చేరాలంటే ఆవిడ అతి పెద్ద కాన్వాస్ పక్క నుంచి ఇరుకుగా నడిచి వెళ్లేలా ఒక అడ్డుగోడ కట్టాం. కాన్వాస్‌కు ఎవరూ రాసుకోకుండా ముందు తాడు కట్టాల్సి వచ్చింది, అది కాస్త అందం చెడగొట్టింది. వేరే దారి లేదు.

మొదటి గది గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఐదుగురి తొలి పని, ఒక్కొక్కటి, తేదీల వరసలో. పిలిచి కూర్చోబెట్టే గది.

లేబుళ్లకు ఒకటే నియమం పెట్టాం. వాక్యంలో కర్త తీసుకున్న మనిషే అయి ఉండాలి, ఏం తీసుకుంది, దాన్నేం చేసింది అన్నవి రెండూ ఉండాలి. మ్యూజియం డ్రాఫ్ట్‌లో రబ్బరు గుర్తులున్న చిత్రం కింద ఇలా ఉంది: "గురుతుల్యులైన తన సహచరుని ప్రభావంతో చిత్రకారిణి ఈ దశలో ఉపరితలం పట్ల కొత్త సున్నితత్వాన్ని కనబరిచారు." దీన్ని చదివినవాళ్లకు ఏం తెలుస్తుంది? చివరికి గోడ ఎక్కింది ఇది: "పక్క స్టూడియోలో తడి రంగును గీకి తీసేయడానికి వాడే రబ్బరును ఆమె అడిగి తెచ్చుకుంది. పోసిన రంగును దానితో ఎడమ నుంచి కుడికి తోసింది. కుడి అంచున రంగు గట్టులా పేరుకున్న చోట చేయి ఆగింది." జనం లేబుల్ చదివి కుడి అంచు దగ్గరికి వంగి చూడటం గార్డులు రోజూ చెప్పేవాళ్లు. లేబుల్ చదివాక మనిషి మళ్లీ చిత్రం వైపు తిరిగితే అది పనిచేసినట్టు.

షో ఎలా నడిచిందంటే, రెండో గది తలుపు దగ్గర జనం ఇటు అటు తిరగడం మేం అనుకున్నట్టే జరిగింది. అంచు గదిలో స్టాండ్ల వెనక వైపు ఎప్పుడూ నలుగురు ఉండేవాళ్లు. చిత్రకళ చదివే విద్యార్థులు ముందు వైపు కంటే వెనక వైపే ఎక్కువ సేపు నిలబడ్డారు. ఒక సమీక్షకుడు ఇది చిత్రాల ప్రదర్శన కాదు, స్టేపుల్స్ ప్రదర్శన అని రాశాడు. వెటకారమే కానీ మరీ అబద్ధం కాదు, ఆ గదిలో బరువు అటే మొగ్గింది. ఐదుగురూ మాట్లాడే వీడియోను చివర్లో పెట్టమని మ్యూజియం పట్టుబట్టింది. దాని ముందు బెంచీ మీద జనం కూర్చుని ఫోన్లు చూసుకున్నారు.

గొడవ వచ్చింది అనుకోని వైపు నుంచి. పెద్దాయన చిత్రం ఒకటి ఇచ్చిన సేకర్త, అంచు అసిస్టెంట్ చేతిలో పుట్టిందన్న లేబుల్ తన చిత్రం విలువ తగ్గిస్తుందని, దాన్ని తీసేయమని వకీలుతో ఉత్తరం పంపించాడు. అగ్రిమెంట్‌లోని వాక్యం అప్పుడు ఆదుకుంది. పెద్దాయన స్వయంగా ఫోన్ చేసి "అది నిజమే, నేనే చెప్పాను" అన్నా సేకర్త దిగిరాలేదు. షో అయ్యేదాకా చిత్రం ఉంది. షో తర్వాత వెళ్లిన రెండో వేదికకు మాత్రం ఇవ్వలేదు. దాని బదులు పెద్దాయన తన దగ్గరున్న ఇంకో చిత్రం ఇచ్చారు, కాస్త చిన్నది. అడుగు గీత కలపడానికి ఇబ్బంది లేదు.

ఇంకా తేలని విషయం ఒకటి మిగిలింది. ఓపెనింగ్ తర్వాత అక్రిలిక్ ఆవిడ పాత ఫొటో ఒకటి తెచ్చింది. అందులో ఆమె బూడిదరంగు కాన్వాస్ వరండా గోడకు ఆనించి ఉంది, రేకు డబ్బా ఉండాల్సిన చోట లేదు. అంటే డబ్బా కంటే ముందే ఆ రంగు తను కలిపానని, మిగతా ఇద్దరూ తన రంగు చూశాకే డబ్బాలోని బూడిదను వాడటం మొదలుపెట్టారని ఆవిడ వాదన. అది నిజమైతే రెండో గది మొత్తం తిరగబడుతుంది. డబ్బాను అప్పుడప్పుడు లోపల పెట్టేవాళ్లం, అది లేనంత మాత్రాన ఏమీ తేలదు అంటుంది ఫొటోల ఆవిడ. ఫొటో వెనక తేదీ లేదు, కాన్వాస్ వెనకా లేదు. కన్జర్వేటర్ కూడా రంగును బట్టి ఒక ఏడాది తేడా చెప్పలేనంది. రెండో వేదికకు పంపిన ఫైల్‌లో ఆ చిత్రం లేబుల్ మీద ఇద్దరు చెప్పిన సంవత్సరాలూ ఉన్నాయి, ఎవరు ఏది చెప్పారో కూడా ఉంది. గదికి రెండు వైపులా తలుపులు తెరిచి ఉంచమని, మొదట ఏ గోడ చూడాలో చెప్పే బోర్డు ఏదీ పెట్టొద్దని హ్యాంగింగ్ నోట్‌లో రాశాను.